55 గెలుపులు, 60 ఓటములు

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టుకు నూట పాతికేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఏ కోచ్ హయాంలో ఎన్ని ఆటలు గెలిచారు, ఎన్ని ఓడారు అన్న లెక్క అక్కడ పక్కాగా రాసిపెట్టుకున్నారు. గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువున్న కోచ్ ఆ పట్టికలో ఒక్కడే కనిపిస్తాడు. తొమ్మిది సీజన్లలో 55 గెలుపులు, 60 ఓటములు. ఆయన పేరు డాక్టర్ జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టింది కూడా ఆయనే.

క్రీడల పేజీల్లో ఇదొక నవ్వుకునే ముచ్చటగా చెలామణీ అవుతుంటుంది. కానీ ఆయన అసలు దైవసేవ కోసం చదువుకున్నవాడని, కాన్సాస్‌కు వెళ్లింది కోచ్‌గా కాదు, అక్కడి విద్యార్థుల ప్రార్థన కూడికలు నడిపించడానికని చాలామందికి తెలియదు.

1861 నవంబరు 6న కెనడాలోని ఒంటారియోలో, ఆల్మాంట్ అనే చిన్న ఊరి దగ్గర ఆయన పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ స్కాట్లండ్ మూలాలున్నవాళ్లు. 1870లో టైఫాయిడ్ వచ్చి ఇద్దరినీ తీసుకుపోయింది. అప్పటికి జేమ్స్‌కి తొమ్మిదేళ్లు కూడా సరిగా నిండలేదు. పెళ్లి చేసుకోని మేనమామ పీటర్ యంగ్ పిల్లల్ని చేరదీసి పెంచాడు. జేమ్స్ హైస్కూలు చదువు మధ్యలో మానేసి, అడవుల్లో కలప కొట్టే పనికి వెళ్లాడు. కొన్నేళ్లకు మనసు మార్చుకుని, తనకన్నా చిన్నపిల్లల పక్కన మళ్లీ బెంచీ మీద కూర్చుని స్కూలు పూర్తిచేశాడు. 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ తర్వాత అక్కడి ప్రెస్బిటేరియన్ కాలేజీలో వేదాంత విద్య చదివి 1890లో బయటికి వచ్చాడు.

ఆ కాలేజీ రోజుల్లోనే ఆయనకు ఆటల పిచ్చి పట్టుకుంది. ఫుట్‌బాల్ అంటే సాతాను పని అని భక్తిపరులు నమ్ముతున్న కాలమది. తోటి విద్యార్థులు కొందరు ఒక గదిలో చేరి ఆయన ఆత్మ రక్షణ కోసం ప్రార్థన చేశారట. సొంత సోదరికి కూడా ఇది మింగుడుపడలేదు. ఒకసారైతే శనివారం ఆటలో తగిలిన దెబ్బలకు రెండు కళ్లూ నల్లగా కమిలిపోయి, ఆదివారం ఆ ముఖంతోనే పుల్పిట్ ఎక్కి ప్రసంగించాడు. ఆ సంఘస్థులు వాక్యం ఎంతవరకు విన్నారో గానీ, కళ్లను మాత్రం చూసే ఉంటారు.

ఆయన దారి మళ్లింది ఒక చిన్న సంఘటనతో. ఆట మధ్యలో పక్కనున్న ఆటగాడు కోపం పట్టలేక ఒక బూతుమాట అనేశాడు. అంతలోనే నైస్మిత్ పక్కనే ఉన్నాడని గుర్తొచ్చి క్షమాపణ అడిగాడు. నైస్మిత్ ఎప్పుడూ అతణ్ణి మందలించింది లేదు, అతనికి బోధ చేసింది లేదు. పక్కన నిలబడి ఆడటం తప్ప ఏమీ చేయలేదు. యువకుల్ని మంచివైపు తిప్పడానికి పుల్పిట్ కాక ఇంకో చోటు కూడా ఉందని ఆయనకు అప్పుడు తోచింది. 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలకు వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది చలికాలం. మంచు కురుస్తుంటే బయట ఆడే వీలు లేదు. లోపల డ్రిల్లు, కసరత్తులంటే విసుగెత్తిపోయిన 18 మంది విద్యార్థుల తరగతి ఒకటి అప్పటికే ఇద్దరు మాస్టర్లను అలసిపోయేలా చేసింది. పెద్దాయన లూథర్ గులిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, రెండు వారాల్లో నాలుగు గోడల మధ్య ఆడుకునే కొత్త ఆట ఏదైనా తయారుచేయమన్నాడు. ఫుట్‌బాల్‌నీ, సాకర్‌నీ, లక్రాస్‌నీ కుదించి చూశాడు. ఒకదాంట్లో ఒళ్లు విరిగే ప్రమాదం, ఇంకోదాంట్లో కిటికీ అద్దాలు పగిలే ప్రమాదం. గడువు చివరికొచ్చింది.

అప్పుడాయన ఆలోచించిన తీరు గమనించదగ్గది. ఆటలో మనుషులు ఒకరినొకరు ఎందుకు పడదోస్తారు? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపడానికి. అయితే బంతితో పరుగెత్తడమే నిషేధిస్తే పడదోయాల్సిన అవసరమే ఉండదు. ఇక గోలు నేలమీద నిలువుగా ఉంటే బలంగా కొట్టినవాడిదే పైచేయి. దాన్ని తల పైన అడ్డంగా పెడితే బలం పనికిరాదు, బంతిని మెత్తగా పైకి లేపి వేయాలి. ఇక్కడ ఆయనకు చిన్ననాటి ఆట ఒకటి అక్కరకొచ్చింది. పెద్ద బండ మీద ఒక రాయి పెట్టి, దూరం నుంచి ఇంకో రాయి విసిరి దాన్ని పడగొట్టే ఆట అది. విసురుగా కొట్టినవాడి రాయి ఎక్కడో దూరంగా పడేది, ఒడుపుగా ఎత్తి వేసినవాడికే గెలుపు.

రెండు చెక్కపెట్టెలు కావాలని కాలేజీ కాపలాదారుణ్ణి అడిగితే, పెట్టెలు లేవు గానీ పీచ్ పళ్ల బుట్టలు ఉన్నాయన్నాడు. వాటినే బాల్కనీ కమ్మీకి మేకులతో కొట్టారు. ఆ బాల్కనీ 10 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఈరోజుకీ ప్రపంచమంతా బుట్ట ఎత్తు 10 అడుగులే. 13 నియమాలు రాసి నోటీసు బోర్డుకు అంటించాడు. 1891 డిసెంబరులో తొమ్మిదిమంది చొప్పున రెండు జట్లు ఆడిన ఆ మొదటి ఆటలో మొత్తం మీద ఒక్కటే గోలు పడింది. ఆటకు తన పేరే పెడదామని ఒక విద్యార్థి అంటే నైస్మిత్ నవ్వి ఊరుకున్నాడు. పేటెంటు కూడా తీసుకోలేదు.

వై.ఎం.సి.ఎ. కార్యకర్తలు ఎక్కడికి వెళ్తే ఆట అక్కడికి వెళ్లింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే తర్ఫీదు పొందిన హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించాడు. మన తెలుగు జిల్లాలు చాలావరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న రోజులవి. అక్కడ చదివొచ్చిన డ్రిల్లు మాస్టర్ల ద్వారానే మన హైస్కూళ్లలో చాలామంది పిల్లలు ఈ ఆటను చూశారు.

నైస్మిత్ మాత్రం తన ఆట వెంట పోలేదు. డెన్వర్‌కు వెళ్లి వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ వైద్యం చదివి 1898లో డాక్టరయ్యాడు. అదే ఏడాది కాన్సాస్ విశ్వవిద్యాలయం లారెన్స్ పట్టణంలోని తమ ప్రాంగణానికి ప్రార్థనలు నడిపించేవాడు, వ్యాయామం నేర్పేవాడు కావాలని వెదుకుతోంది. ఇద్దరి పనీ ఒక్కడే చేస్తాడంటే ఏ యాజమాన్యం కాదంటుంది? జట్టు కట్టడం ఆ ఉద్యోగానికి తోకలా వచ్చిన పని. 1899 ఫిబ్రవరి 3న మొదటి పోటీలో కాన్సాస్ సిటీ వై.ఎం.సి.ఎ. చేతిలో 16-5 తేడాతో ఓడిపోయారు. ఆయన దానికి పెద్దగా బాధపడినట్టు కనిపించదు. కొన్ని ఆటల్లో జట్టుకు కోచ్‌గా ఉంటూనే రెఫరీగా విజిల్ కూడా తానే పట్టుకునేవాడు. ఇప్పటి కోచ్‌లు వింటే నమ్మరు.

ఆ జట్టులో ఫారెస్ట్ అలెన్ అనే కుర్రాడు ఉండేవాడు. గొంతు పొగమంచులో ఓడల సైరన్‌లా మోగుతుంది కాబట్టి ‘ఫాగ్’ అనే ముద్దుపేరు. పక్క ఊళ్లోని బేకర్ విశ్వవిద్యాలయం తనను కోచ్‌గా పిలిచిందని అతను చెప్పినప్పుడు నైస్మిత్‌కు నవ్వొచ్చింది. ఈ ఆటకు కోచింగ్ ఏమిటి, ఊరికే ఆడుకోవడమే కదా అని ఆయన ఉద్దేశం. అలెన్ మాత్రం వినలేదు. ఎలా ఆడాలో నేర్పవచ్చని, నేర్పితే గెలవవచ్చని అతనికి గట్టి నమ్మకం.

1907 జనవరిలో మధ్య అమెరికాలోని ఐదు విశ్వవిద్యాలయాలు కలిసి ఒక కూటమి కట్టాయి. కాన్సాస్, మిస్సోరీ, నెబ్రాస్కా, అయోవా, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం. దానికి మిస్సోరీ వ్యాలీ కాన్ఫరెన్స్ అని పేరు. అంతకుముందు ఎవరు దొరికితే వాళ్లతో ఆడేవాళ్లు. ఇప్పుడు అందరికీ ఒకే నియమాలు, ఏటా చలికాలంలో ఒకరితో ఒకరికి పోటీలు, సీజన్ ముగిసేసరికి ఒక ఛాంపియన్. అదే ఏడాది నైస్మిత్ పక్కకు తప్పుకున్నాడు, అలెన్ కోచ్ అయ్యాడు. 1907-08లో కాన్ఫరెన్స్ మొదటి బాస్కెట్‌బాల్ సీజన్ ఛాంపియన్ కాన్సాసే. ఆ మరుసటి సీజన్‌లో 25 గెలిచి 3 మాత్రమే ఓడారు. తొమ్మిదేళ్లలో గురువు సాధించనిది శిష్యుడు ఒక్క ఏడాదిలో సాధించాడు.

అలెన్ మధ్యలో వెళ్లిపోయి 1919లో తిరిగొచ్చాడు. 1922-23 సీజన్‌లో కాన్ఫరెన్స్‌లో ఆడిన 16 ఆటలకు 16 గెలిచాడు. తర్వాత కెంటకీలో మహా కోచ్‌గా పేరు తెచ్చుకున్న అడాల్ఫ్ రప్ ఆ జట్టులో బెంచీ మీద కూర్చున్న కుర్రాడు. 1956లో అలెన్ విరమించుకునేసరికి ఒక్క కాన్సాస్ లెక్కే 590 గెలుపులు. వీటిలో చాలా భాగం అదే ప్రాంగణంలో ప్రొఫెసర్‌గా ఉండి నైస్మిత్ చూశాడు. ఆయనకు నచ్చనివి కూడా చాలా జరిగాయి. ప్రతి గోలు తర్వాత మధ్యలో బంతి పైకెగరేసే పద్ధతి తీసేస్తామంటే చివరిదాకా వ్యతిరేకించాడు.

ఈ విషయంలో నిజం చెప్పుకోవాలి. కోచింగ్ అక్కర్లేదన్న ఆయన మాట తప్పు. శిష్యుడే సరిగ్గా చూశాడు. నైస్మిత్ మీద ప్రేమతో కొందరు ఆయన ఓటములకు ఆధ్యాత్మిక అర్థాలు చెబుతుంటారు. అంత అవసరం లేదు. అలెన్ లాంటివాళ్లు సంఘాలు కట్టి, వెంటపడి తిరగకపోతే ఆట ఒలింపిక్స్‌కు ఎక్కేదీ కాదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి బాస్కెట్‌బాల్ పెట్టినప్పుడు ఆయన్ను అక్కడికి పంపడానికి ఆ కోచ్‌ల సంఘమే టికెట్టుకు ఒక సెంటు చొప్పున పోగుచేసింది. ఫైనల్ రోజు వాన పడింది. ఆరుబయట మట్టి కోర్టు బురదైపోయి బంతి నేలకు కొడితే లేవలేదు. అమెరికా 19, ఆయన పుట్టిన కెనడా 8. పతకాలు ఆయన చేతులమీదుగానే ఇప్పించారు.

ఆయన గొప్పతనం ఎక్కడుందో చూడాలంటే ఇంకో శిష్యుడి దగ్గరకు వెళ్లాలి. 1933లో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సాస్‌లో వ్యాయామ విద్య చదవడానికి వచ్చాడు. ఆ విభాగంలో అతని రంగువాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. నేరుగా నైస్మిత్ దగ్గరకు వెళ్లి, నాకు మీరే సలహాదారు అని మా నాన్న చెప్పారన్నాడు. తండ్రులు చెప్పిన మాట కాదనకూడదని నైస్మిత్ ఒప్పుకున్నాడు. ఈత పరీక్ష పాసైతేగానీ డిగ్రీ రాదు. కానీ ఈతకొలనులోకి నల్లవాళ్లు దిగకూడదు. మెక్లెండన్ దిగాడు. అతను దిగిన నీళ్లు మొత్తం తోడించేశారు. అయినా అతను వెనక్కి తగ్గలేదు, నైస్మిత్ అతని పక్షాన నిలబడ్డాడు. చివరికి ఆ కొలను అందరిదీ అయ్యింది.

కానీ ఒక తలుపు మూసే ఉంది. కాన్సాస్ జట్టులో గానీ, ఆ కాన్ఫరెన్స్‌లోని పోటీల్లో గానీ నల్లవాళ్లకు చోటు లేదు. రాతలో లేని ఒప్పందం అది. ఆట కనిపెట్టినవాడి శిష్యుడు, ఆయన ఉన్న ప్రాంగణంలోనే ఆ జట్టు చొక్కా వేసుకోలేకపోయాడు. నైస్మిత్ గట్టిగా అడిగి ఉంటే జరిగేదా? అప్పటికి జట్టు అలెన్ చేతిలో ఉంది, నైస్మిత్ వయసు 70 దాటింది. ఇవన్నీ కారణాలే. అయినా కొలను దగ్గర నిలబడినవాడు కోర్టు దగ్గర కూడా నిలబడి ఉంటే బాగుండేదని ఇది రాస్తున్న నాకు అనిపించకుండా లేదు. ఆయన చేసింది వేరు. మెక్లెండన్‌తో కలిసి నడిచాడు, తనకు తెలిసినదంతా అతనికి ఇచ్చాడు.

నైస్మిత్ 1939 నవంబరు 28న లారెన్స్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి మెక్లెండన్ నార్త్ కరోలినాలోని డర్హం పట్టణంలో నల్లవాళ్ల కాలేజీలో పనిచేస్తున్నాడు. 1944 మార్చి 12, ఆదివారం ఉదయం. ఊరంతా గుళ్లలో ఉన్న వేళ. పక్కనే ఉన్న డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాల తరఫున ఆడే తెల్లవాళ్ల జట్టు ఒకటి అడ్డదారుల్లో కార్లలో తిరిగి తిరిగి ఆ కాలేజీ జిమ్‌కు చేరింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఆడటం అక్కడ కుదరని పని. పట్టుబడితే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. తలుపులు వేసుకుని ఆడారు. మెక్లెండన్ జట్టు 88-44తో గెలిచింది. తర్వాత వెళ్లిపోకుండా ఇంకో ఆట ఆడారు. ఈసారి రెండు జట్లనూ కలిపేసి కొత్తగా పంచుకున్నారు. ఆదివారం ఆరాధన మానేసి వాళ్లు చేసిన ఆ పని గురించి బయటి ప్రపంచానికి తెలియడానికి 50 ఏళ్లు పట్టింది.

రెండేళ్ల తర్వాత, 1946లో, నల్లజాతి కాలేజీల కాన్ఫరెన్స్‌కు మెక్లెండన్ ముందుండి ఒక టోర్నమెంటు మొదలుపెట్టాడు. మొదటి ఏడాది కప్పు అతని జట్టుకే వచ్చింది. ఆ టోర్నమెంటు ఇప్పటికీ నడుస్తోంది. 1957, 1958, 1959లో టెనెస్సీలోని మరో నల్లవాళ్ల కాలేజీ జట్టుతో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచాడు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్ పేరున ఒక హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. మెక్లెండన్‌ను 1979లో అందులోకి తీసుకున్నారు. అయితే కోచ్‌గా కాదు, ఆటకు సేవ చేసినవాడిగా మాత్రమే. ఆయన 1999లో చనిపోయాడు. కోచ్‌గా ఆయన పేరు ఆ గోడమీదికి 2016లో ఎక్కింది.