భయం లేని బతుకు: మదనపల్లె డాక్టరు జేకబ్ ఛాంబర్లేన్ జీవితం

మదనపల్లె అనగానే మనకు టమోటా మార్కెట్టు గుర్తొస్తుంది. జనరల్ నాలెడ్జి చదివేవారికి 1895లో ఇక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, 1919లో థియోసాఫికల్ కాలేజీలో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ గుర్తొస్తారు. వీరందరికంటే ముందు ఈ ఊరికి వచ్చి, ఈ పల్లెల్లో తిరిగి, ఇక్కడే కన్నుమూసిన ఒక డాక్టరుగారి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు డాక్టర్ జేకబ్ ఛాంబర్లేన్. పాత విద్యార్థులమైన మేము కొందరం కలిసి ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితాన్ని రాయాలనుకున్నాము. ఆయన జీవితమంతా ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: మనిషికి నిజమైన స్వేచ్ఛ ఎక్కడ దొరుకుతుంది?

ఛాంబర్లేన్ 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో షారన్ అనే ఊరిలో పుట్టారు. 1856లో కాలేజీ చదువు, 1859లో వేదాంత విద్య పూర్తి చేశారు. దానితోపాటు వైద్యం కూడా నేర్చుకున్నారు. అంత చదువుకున్న వ్యక్తి అక్కడే ఉంటే సుఖంగా బతికేవారే. కానీ భార్య షార్లెట్‌తో కలిసి ఓడ ఎక్కి 1860లో మద్రాసులో దిగారు. ఆయన చేరింది ఆర్కాటు మిషన్‌లో. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ పేరు మనకు తెలుసు కదా, ఆ స్కడర్ కుటుంబం వారే 1853లో ఈ మిషన్‌ను మొదలుపెట్టారు. ఈ మిషన్‌కు రెండు గట్టి నియమాలు ఉండేవి. ప్రజల భాషలోనే బోధించాలి. సంఘంలో చేరేవారు కులాన్ని వదలాలి.

ఆయన మొదట పలమనేరులో ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1863లో మదనపల్లెకు వచ్చారు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లోనే. ఇప్పుడు కుప్పంలో బస్సెక్కితే పలమనేరు, పుంగనూరు మీదుగా కొన్ని గంటల్లో మదనపల్లె చేరుకుంటాము. ఆ రోజుల్లో ఎద్దులబండి, గుర్రం, కాలినడక మాత్రమే దారి.

వచ్చిన ఏడాదే, అంటే 1863లోనే, ఆయన ఒక సాహసం చేశారు. మన దేశస్థులైన కొందరు సహాయకులను వెంటబెట్టుకొని, బండ్లలో తెలుగు సువార్త పుస్తకాలు, మందులు వేసుకొని, నైజాం రాజ్యం గుండా గోదావరి ఆవలి అడవుల దాకా వెళ్లి వచ్చారు. మొత్తం 1200 మైళ్ల ప్రయాణం. దారిలో ఒక కోట ఊరిలో జనం కోపంతో చుట్టుముట్టారు. బాటలోని రాళ్లు పెకలించి చేతుల్లో పట్టుకున్నారు. ఆయన పారిపోలేదు, వాదించలేదు. ముందు ఒక కథ చెప్పనివ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం అని అడిగారు. యేసు పుట్టుక నుంచి సిలువ దాకా తెలుగులో చెప్పుకుంటూ పోయారు. వింటున్నవారి చేతుల్లోని రాళ్లు ఒక్కొక్కటిగా కింద పడ్డాయి. చివరికి అదే జనం సువార్త పుస్తకాలు కొనుక్కున్నారు.

తిరుగు ప్రయాణంలో గోదావరికి వరద వచ్చింది. నీళ్లు పొంగిన చోట, పులులు తిరిగే అడవిలో చీకటి పడే వేళకు తలదాచుకునే మెట్ట నేల దొరకలేదు. ఆయన ప్రార్థన చేసి, ఏటి వైపు వెళ్లాలని తన మనసుకు తోచిన దాన్ని నమ్మి అటు నడిచారు. అక్కడ వరదకు కట్టు తెగి కొట్టుకొచ్చిన ఒక పెద్ద పడవ కనిపించింది. అందరూ ఆ రాత్రి దానిలోనే గడిపారు. ఆ అడవి ప్రయాణంలో అంటుకున్న జ్వరం మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయనను పీడిస్తూనే ఉంది. ఆరోగ్యం చెడి కొన్నిసార్లు అమెరికా వెళ్లవలసి వచ్చింది. కొంచెం కుదుటపడగానే మళ్లీ మదనపల్లెకే తిరిగి వచ్చారు.

పలమనేరులోనూ మదనపల్లెలోనూ ఆయన ఆసుపత్రులు నడిపారు. రోగులకు ముందు వాక్యం చదివి ప్రార్థన చేసేవారు, ఆ తర్వాత మందు ఇచ్చేవారు. ఊరిబావి దగ్గరకు రానివ్వని వారిని కూడా ఆయన చేతితో పట్టి నాడి చూశారు. ఆనాటి మాల, మాదిగ పల్లెల్లో ఎన్ని భయాలుండేవో మన అవ్వాతాతలు చెప్పగా విన్నాము. దయ్యం భయం, చేతబడి భయం, ఊరి పెద్దల భయం, కరువు భయం. ఇన్ని భయాల కింద నలిగిన మనిషికి, దేవుడు నిన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు, నీవు ఎవరికీ తీసిపోవు అనే మాట ఎంత పెద్ద విడుదలో ఆలోచించండి. కూలి రేటు మారకముందే, చట్టం రాకముందే, ఆ మనిషి లోపల ఒక సంకెల తెగింది. ఆత్మీయ స్వేచ్ఛ అంటే మాకు అర్థమైనది ఇదే.

ఆయనకు తెలుగు మీద ఉన్న ప్రేమను కూడా చెప్పుకోవాలి. బోధించేటప్పుడు మన వేమన పద్యాలను వాడుకునేవారు. బయటి ఆచారాల కంటే మనసు శుద్ధి ముఖ్యమని వేమన చెప్పింది వినేవారికి సులభంగా అందేది. 1873లో తెలుగు బైబిలును సరిదిద్దే సంఘానికి అధ్యక్షులయ్యారు. ఇరవై ఏళ్లు ఆ పనిలో గడిపారు. దేవుని మాట పండితుల చేతిలోనో దొరల చేతిలోనో ఉండిపోకుండా, చదువు వచ్చిన ప్రతి కూలివాడూ తానే చదివి తానే తేల్చుకోవాలన్నది ఆయన తపన. అమెరికావారి కోసం 1885లో వేసిన ఒక చిన్న పుస్తకానికి ఏం పేరు పెట్టారో తెలుసా? చక్రాల మీద కొబ్బరికాయలు కొట్టండి! మన తేరు లాగే వేడుకను చూసి, అందరూ కలిసి లాగితేనే బండి కదులుతుందని వాళ్లకు పాఠం చెప్పారన్నమాట.

ఆయన రాసినవన్నీ మాకు నచ్చుతాయని చెప్పము. ఇన్ ద టైగర్ జంగిల్ వంటి పుస్తకాల్లో మన దేశమంతా చీకటిలో ఉన్నట్టు కనిపించే మాటలున్నాయి. అవి ఆనాటి అమెరికా పాఠకుల కోసం రాసినవి. అయినా ఒక విషయంలో ఆయన తన కాలం కంటే ముందున్నారు. ఇక్కడి సంఘాలు విదేశీ సంఘాలకు తోకలుగా ఉండకూడదని, అన్నీ కలిసి ఒకే భారతీయ సంఘం కావాలని 1879 నుంచే రాస్తూ వచ్చారు. 1902లో దక్షిణ భారత సినడ్ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు ఆయనే. ఆ దారిలోనే 1947లో సి.ఎస్.ఐ. సంఘం పుట్టింది. తాను తెచ్చిన స్వేచ్ఛకు తానే యజమాని కావాలని ఆయన కోరుకోలేదు.

1908 మార్చి 2న మదనపల్లెలోనే ఆయన కన్నుమూశారు. ఆయన తర్వాత కూడా వైద్యసేవ ఆగలేదు. 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. 1912లో పుంగనూరులో చిన్నగా మొదలైన క్షయ ఆసుపత్రి 1915లో ఆరోగ్యవరానికి మారింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ కథ మీకు ఎందుకు చెబుతున్నామంటే, మనకూ భయాలున్నాయి. మన హాస్టళ్లలో గుడికి వెళ్లేవారు, చర్చికి వెళ్లేవారు, ఎక్కడికీ వెళ్లనివారు అందరూ ఒకే వరుసలో కూర్చొని భోంచేస్తారు. చర్చికి వెళ్లే మాలో కొందరికి ఇంకో ముల్లు కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్.సి. హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సి.లో చేర్చారు. అందుకే కులం, మతం గడులు నింపేటప్పుడు చేయి ఆగుతుంది. ఆదివారం పాడిన పాట సోమవారం ఆఫీసు ముందు గొంతులోనే ఉండిపోతుంది. ఇది న్యాయం కాదని అనేవారున్నారు, సరైనదే అనేవారున్నారు. దాన్ని తేల్చడం మా చేతిలో లేదు. కానీ ఆ భయాన్ని మోసుకుంటూ చదువుకోవడం ఎంత బరువో మాకు తెలుసు.

ఆనాడు ఛాంబర్లేన్ మాట విని సంఘంలో చేరినవారికీ ఏ సర్టిఫికెట్టూ రాలేదు. చాలామందికి నష్టమే వచ్చింది. అయినా వాళ్లు తలెత్తి నిలబడడం నేర్చుకున్నారు, పిల్లలను బడికి పంపారు. మనం ఇక్కడ దుప్పటి పరచుకొని చదువుకుంటున్నామంటే అందులో వారి ధైర్యం కూడా కొంత ఉంది. మీ నమ్మకం ఏదైనా సరే, దాన్ని భయంతో దాచుకోకండి, భయపెట్టి ఇంకొకరి మీద రుద్దకండి. ప్రభుత్వం భోజనం పెడుతుంది, పుస్తకాలిస్తుంది. లోపలి స్వేచ్ఛను మాత్రం మనమే వెతుక్కోవాలి. మాలో కొందరికి అది క్రీస్తులో దొరికింది. ఈసారి మదనపల్లె వెళ్లినప్పుడు బస్టాండు నుంచి నేరుగా తిరిగి రాకుండా, ఈ డాక్టరుగారిని ఒక్కసారి తలచుకోండి.