బాబేజ్ మరా, మా ఇంటి ప్రాసెసరూ

మన విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి, వార్షిక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసిపెట్టండి మాస్టారూ అని అడిగేనాటికి నేను ఇంట్లో ఒక చిక్కులో ఉన్నాను. మా అమ్మాయి ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం. ప్రాజెక్టు పనికి ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే బాగుంటుంది నాన్నా అంది. సరే అన్నాను. ఆ సరే అన్నది ఆషాఢ మాసంలో. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, సంక్రాంతికి అల్లుళ్ళు కూడా వచ్చి వెళ్ళారు. కంప్యూటర్ మాత్రం రాలేదు.

కారణం డబ్బు కాదు, ప్రాసెసర్. షాపుకు వెళితే కోర్ ఐ5 వేయమంటారా, రైజెన్ 5 వేయమంటారా, కోర్లు ఎన్ని, క్యాష్ ఎంత అని అడిగారు. ముప్ఫై ఏళ్ళుగా సుద్దముక్కతో లెక్కలు చెప్పిన వాణ్ణి. తెలుసుకుని కొందామని కాగితం మీద పట్టికలు గీశాను. ఒకటి తేలిందనుకునేసరికి స్టాఫ్ రూములో ఎవరో ఒకరు, రెండు నెలలు ఆగండి, కొత్త తరంది వస్తోంది అనేవారు. ఆగేవాణ్ణి. అది వచ్చేలోగా దాని తరువాతి దాని కబురు వచ్చేది.

ఈలోగా మా అమ్మాయి రాత్రి భోజనం చేసి హాస్టలుకు పోయి, స్నేహితురాలి మిషను ఖాళీగా ఉన్న వేళ చూసుకుని పని చేసుకునేది. పండగ వెళ్ళాక ఒకనాటి రాత్రి పదకొండు దాటాక మంచులో శాలువా కప్పుకుని వచ్చింది. నేను మేలుకుని పట్టిక గీస్తున్నాను. దానివైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఛార్లెస్ బాబేజ్ జీవితం మరోసారి చదివాను. కంప్యూటరుకు ఆది పురుషుడని మనం పరీక్షల్లో రెండు మార్కులకు రాసే ఆ పెద్దమనిషి కథ ఇంతగా నా కథ అని అంతకుముందు తోచలేదు. అందుకే ఆయన్ని గురించే రాస్తున్నాను.

బాబేజ్ 1791 డిసెంబరు 26న లండనులో పుట్టాడు. తండ్రి బ్యాంకరు, కలిగిన కుటుంబం. 1810లో కేంబ్రిడ్జిలో చేరాడు. అక్కడ న్యూటన్ మీద భక్తి కొద్దీ కలన గణితాన్ని ఇంకా చుక్కల గుర్తులతోనే చెబుతున్నారు. యూరపు లైబ్నిట్జ్ గుర్తులతో చాలా దూరం వెళ్ళిపోయింది. బాబేజ్, జాన్ హెర్షెల్, జార్జి పీకాక్ మొదలైన కుర్రాళ్ళు 1812లో ఒక సంఘం పెట్టి, ఆ కొత్త గుర్తులను పట్టుబట్టి కేంబ్రిడ్జిలోకి తెచ్చారు. ఈ రోజు మన బోర్డుల మీద డివై బై డిఎక్స్ అని రాస్తున్నామంటే అది లైబ్నిట్జ్ పెట్టిన భిక్షే. విద్యార్థి సంఘాలు ఎన్నికలూ ఊరేగింపులే కాక ఇలాంటి పనులు కూడా చేయగలవని మన సంఘం వారికి మనవి.

1814లో జార్జియానా విట్‌మోర్‌ను పెళ్ళాడాడు. 1816లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు.

అసలు కథ 1821లో మొదలవుతుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి. కూర్చుని లెక్కలు వేసే గుమాస్తాను అలా పిలిచేవారు. నావికులకు, ఖగోళజ్ఞులకు కావలసిన పట్టికలన్నీ వాళ్ళు చేతితో వేసినవే. మన పాతతరం వాళ్ళకు క్లార్క్స్ టేబుల్స్ గుర్తుండే ఉంటాయి. అందులో ఒక్క అంకె తప్పు పడితే మన లెక్క ఒక్కటి పోతుంది. సముద్రం మీద పడవ పోతుంది. హెర్షెల్‌తో కలిసి అలాంటి ఖగోళ పట్టికలు సరిచూస్తుండగా తప్పు మీద తప్పు బయటపడి బాబేజ్‌కు విసుగెత్తింది. ఈ లెక్కలేవో ఆవిరి యంత్రమే చేస్తే పీడా పోయేదనుకున్నాడు. విసుగులో ఎవరైనా అంటారు. ఈయన మాత్రం ఆ మాటను తరువాతి యాభై ఏళ్ళూ వదలలేదు.

మొదటి యంత్రం పేరు డిఫరెన్స్ ఇంజను. సూత్రం హైస్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది. 1, 4, 9, 16, 25 అనే వర్గాలు తీసుకోండి. వాటి మధ్య తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. అంటే ఈ 2ను పట్టుకుని కూడుకుంటూ పోతే గుణకారమన్నది లేకుండానే ఎంత పెద్ద వర్గాల పట్టికైనా దిగిపోతుంది. పళ్ళ చక్రాలకు కూడిక నేర్పితే చాలు. 1822లో చిన్న నమూనా చేసి చూపించాడు. 1823లో ప్రభుత్వం 1,500 పౌండ్లు ఇచ్చింది. జోసఫ్ క్లెమెంట్ అనే గొప్ప పనివాడు కుదిరాడు. వేలాది భాగాలు, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. అంత నిక్కచ్చిగా ఇత్తడిని కోసే పనిముట్లే అప్పటికి లేవు. వాటిని కూడా వీళ్ళే తయారు చేసుకోవలసి వచ్చింది.

1827 ఆయనకు చెడ్డ ఏడాది. తండ్రి పోయాడు, ఒక కొడుకు పోయాడు, భార్య పోయింది. ఎనిమిదిమంది పిల్లల్లో చాలామంది చిన్నతనంలోనే దక్కకుండా పోయారు. కొంతకాలం యూరపులో తిరిగి వచ్చాడు. 1828లో, ఒకప్పుడు న్యూటన్ కూర్చున్న లుకేషియన్ ఆచార్య పీఠం ఇచ్చారు. పదకొండేళ్ళు ఆ పదవిలో ఉండి ఒక్క పాఠమూ చెప్పలేదు. మనలో ఎవరైనా అలా చేస్తే ప్రిన్సిపాలుగారు ఊరుకుంటారా? సరే, అది వేరే సంగతి.

1832లో యంత్రంలో ఒక ముక్క, లెక్కించే విభాగంలో ఏడో వంతు, బిగించి చూపించారు. అది తప్పు లేకుండా పని చేసింది, ఈనాటికీ లండను సైన్స్ మ్యూజియంలో ఉంది. కానీ 1833లో పని ఆగిపోయింది. వర్క్‌షాపును బాబేజ్ ఇంటి పక్కకు మార్చే విషయంలో డబ్బు దగ్గర క్లెమెంటుకూ ఆయనకూ చెడింది. క్లెమెంట్ మనుషుల్ని పంపేశాడు. అప్పటి ఆచారం ప్రకారం పనిముట్లు చేసినవాడివే గనుక అవీ ఉంచుకున్నాడు. ప్రభుత్వానికి చివరికి తేలిన ఖర్చు సుమారు 17,000 పౌండ్లు. ఆ కాలంలో ఒక మంచి రైలింజను 800 పౌండ్ల లోపే వచ్చేది.

అయినా, ఇక్కడ ఆగి ఉన్నదాన్ని పూర్తి చేసి ఉంటే? చదివిన ప్రతిసారీ నాకు ఇక్కడ చెయ్యి పట్టుకుని లాగాలనిపిస్తుంది. 1834లో ఆయన బుర్రలో మరొకటి మొలిచింది. ఆ ఏడే కూతురు జార్జియానా కన్నుమూసింది. ఆ పిల్లకు ఇంకా ఇరవై నిండలేదు. ఆయన పనిలోకి మునిగిపోయాడు. దుఃఖం మరవడానికో ఏమో, అది నేను ఊహించను. ఆ కొత్త యంత్రమే అనలిటికల్ ఇంజను.

ప్రాసెసర్ అన్నమాట నిజంగా మొదలయ్యేది ఇక్కడే. అందులో రెండు భాగాలు. ఒకదానికి మిల్ అని పేరు పెట్టాడు, రెండోదానికి స్టోర్ అని. బట్టల మిల్లుల నుంచి తీసుకున్న మాటలు. మన భాషలో మర అనీ గాదె అనీ అనుకుందాం. గింజలు గాదెలో ఉంటాయి, కావలసినన్ని తీసి మరలో పోస్తాం, పిండి మళ్ళీ గాదెకు చేరుతుంది. అలాగే అంకెలు. ఏది తీయాలి, ఏం చేయాలి అన్నది చిల్లులు పొడిచిన అట్టముక్కలు చెబుతాయి. పట్టుబట్టల మీద పువ్వులు నేసే జాకార్డ్ మగ్గానికి వాడే అట్టలే అవి. మన చేనేత ఊళ్ళలో ఆ మగ్గం చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వచ్చిన ఫలితాన్ని బట్టి తరువాత ఏం చేయాలో మార్చుకునే ఏర్పాటు కూడా ఉంది.

ఇక వేగం. 9999కి ఒకటి కలపండి. పది, సున్నా వేసి చేతిలో ఒకటి. మళ్ళీ పది, సున్నా వేసి చేతిలో ఒకటి. ఈ చేతిలో ఒకటి అనేది ఒక చక్రం నుంచి పక్క చక్రానికి వరుసగా పాకాలి. నలభై అంకెల సంఖ్య అయితే అంతసేపూ యంత్రం కాచుకు కూర్చోవాలి. బాబేజ్ ఏం చేశాడంటే, ఎక్కడెక్కడ తొమ్మిదులు ఉన్నాయో చక్రాలు ముందే పసిగట్టి, చేతిలో ఉన్నవన్నీ ఒక్కసారే దాటేటట్టు ఒక అమరిక కనిపెట్టాడు. దానికోసం ఎన్ని నమూనాలు గీసి కొట్టేశాడో లెక్కలేదు. ఈనాటి ప్రాసెసర్లలో కూడికలు వేగంగా జరగడం వెనక ఇదే ఆలోచన, ఇత్తడికి బదులు సిలికాన్‌లో. ఆ మర గుణకారం చేయడానికి రెండు నుంచి నాలుగు నిమిషాలు పడుతుందని అంచనా. క్యాష్ అంటే ఏమిటో నాకు మా అమ్మాయి ఈ మరతోనే చెప్పింది. ప్రతిసారీ గాదెదాకా పోకుండా మర పక్కన చాటలో పెట్టుకున్న గింజలట. నా పట్టికలన్నిటికంటే ఈ ఒక్క ముక్క బాగా బుర్రకెక్కింది.

1840లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఈ యంత్రాన్ని వివరించాడు. అక్కడ విన్న మెనబ్రేయా అనే ఇంజనీరు 1842లో ఫ్రెంచిలో ఒక వ్యాసం అచ్చు వేశాడు. కవి బైరన్ కూతురు ఏడా లవ్‌లేస్ దాన్ని 1843లో ఇంగ్లీషు చేసి, అసలు కంటే పెద్ద వివరణలు జోడించింది. వాటి చివర బెర్నూలీ సంఖ్యలను ఆ యంత్రం అంచెలంచెలుగా ఎలా లెక్కించాలో పట్టిక వేసి చూపింది. లేని కంప్యూటరుకు ప్రోగ్రాము!

ప్రభుత్వం దగ్గర ఆయన తీరు మాత్రం నేను షాపువాడి దగ్గర చేసినట్టే ఉంది. పాతది పూర్తి చేయమంటారా, అంతకంటే మంచిది తట్టింది, అది మొదలు పెట్టమంటారా అని అడిగాడు. అడిగినవాడికే తేలని సంగతి దొరలకేం తేలుతుంది? ఎనిమిదేళ్ళు నానబెట్టారు. రాజ ఖగోళజ్ఞుడు ఏయిరీని అడిగితే పనికిరాని వస్తువని తేల్చాడు. 1842 నవంబరులో ప్రధాని రాబర్ట్ పీల్ దగ్గరకు బాబేజ్ స్వయంగా వెళ్ళాడు. వెళ్ళినవాడు యంత్రం సంగతి వదిలి తనకు జరిగిన అన్యాయాలు ఏకరువు పెట్టాడు. మాట పెరిగింది, ఆయన లేచి వచ్చేశాడు, డబ్బు అంతటితో సరి.

1840ల చివర డిఫరెన్స్ ఇంజను నంబరు 2 అని మరో నమూనా గీశాడు. అనలిటికల్ ఇంజను నేర్పిన తెలివితో గీసింది కాబట్టి చాలా తక్కువ భాగాలతో సరిపోయింది. అదీ కాగితాల మీదే ఉండిపోయింది. ఈలోపు స్వీడనులో షూట్స్ అనే తండ్రీకొడుకులు ఆయన మొదటి ఆలోచన గురించి చదివి, మోటుగానే అయినా 1853 నాటికి ఒక యంత్రం పూర్తి చేశారు. అది అమెరికాలో ఒక వేధశాలకు అమ్ముడైంది. బాబేజ్ అసూయ పడలేదు, వాళ్ళను మెచ్చుకుని సాయపడ్డాడు. మనిషి ఎంత కోపిష్ఠివాడైనా ఈ ఒక్క పనికి నాకాయన మీద గౌరవం.

కోపిష్ఠి అనడానికి కారణం ఉంది. వీధిలో వాయిద్యాలు వాయించేవాళ్ళ మీద ముసలితనంలో యుద్ధం ప్రకటించాడు. 1864లో వాళ్ళను అదుపు చేసే చట్టం కూడా వచ్చింది. దాంతో గిట్టనివాళ్ళు పనిగట్టుకుని ఆయన కిటికీ కిందే వాయించేవారట. 1871 అక్టోబరు 18న లండనులో పోయాడు. మెదడును పరిశోధనకు తీశారు. ఈనాడు అందులో సగం ఒక మ్యూజియంలో, సగం మరో మ్యూజియంలో ఉంది. ఆయన పనులన్నిటిలాగే అది కూడా ఒకచోట పూర్తిగా లేదు.

కాగితాలు, పనిముట్లు కొడుకు హెన్రీకి దక్కాయి. ఈ హెన్రీ మన దేశంలో బెంగాల్ సైన్యంలో పనిచేసినవాడు. 1874లో రిటైరయి వెళ్ళి, తండ్రి వదిలిన తునకలను జత చేయడం మొదలుపెట్టాడు. వాటిలో ఒకదాన్ని హార్వర్డు విశ్వవిద్యాలయానికి పంపాడు. 1910లో మర భాగాన్ని తిరిగేటట్టు చేసి 'పై' గుణిజాలు అచ్చు వేయించాడు. అందులో తప్పులు దొర్లాయి. అయినా మర తిరిగింది. ఇక రెండో నంబరు ఇంజనును సైన్స్ మ్యూజియం వారు పాత గీతల ప్రకారమే 1991లో, ఆయన పుట్టి రెండు వందల ఏళ్ళయిన సందర్భానికి బిగించారు. బరువు అయిదు టన్నులు. లెక్క తప్పలేదు. అచ్చు వేసే భాగం 2002లో పూర్తయింది. గీతల్లో చిన్న చిన్న పొరపాట్లు సరిదిద్దవలసి వచ్చినా, గీసినవాడి ఆలోచనలో లోపం లేదు.

పుస్తకం మూసిన మర్నాడే షాపుకు వెళ్ళి, ఆ రోజు స్టాకులో ఉన్నవాటిలో మధ్యరకం ప్రాసెసర్ ఒకటి వేయించాను. వచ్చే నెల మంచిది వస్తుందని షాపతను చెప్పబోయాడు. బిల్లు రాయమన్నాను. మా అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు ఇప్పుడు దాని మీదే నడుస్తోంది. ఎప్పుడూ ఖాళీ ఉండదు గనుక ఈ వ్యాసం నేను కలంతోనే రాసి ఇస్తున్నాను. అక్షరాలు తెలియకపోతే కార్యదర్శి మా ఇంటికి వచ్చి అడగవచ్చును.