రెండో గుండెపోటుకు ముందు అయిదు నెలలు

మీ ఇంట్లో టీవీలో 'మాయాబజార్' వస్తుంటే పెద్దవాళ్లు ఛానల్ మార్చనివ్వరు కదా! తెర నిండా కనిపించే ఆ ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు చనిపోయేనాటికి ఆయన వయసు 56 ఏళ్లే.

ఆయన 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. డిగ్రీ చదివి అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. నాటకాల మీద మమకారంతో దాన్ని వదులుకున్నారు. తొలి సినిమా 'వరూధిని' ఆడకపోవడంతో జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో చేరారు. మళ్లీ పిలుపొచ్చి సినిమాల్లోకి వచ్చాక వెనుదిరిగి చూడలేదు. 1951లో 'పాతాళభైరవి' మాంత్రికుడిగా ఇంటింటా తెలిశారు. 37 ఏళ్లు నిండకముందే 'మిస్సమ్మ'లో సావిత్రికి తండ్రిగా నటించి మెప్పించారు. 'నర్తనశాల' కీచకుడి పాత్రకు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. 'చదరంగం', 'బాంధవ్యాలు' సినిమాలకు దర్శకత్వం వహించారు.

1974 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఉండగా ఆయనకు గుండెపోటు వచ్చింది. ఆస్పత్రిలో కోలుకున్నారు. కొన్నాళ్లు నటనకు విశ్రాంతి ఇమ్మన్నారు డాక్టర్లు. జులై 18న మద్రాసులో మళ్లీ గుండెపోటు వచ్చింది. వైద్యం అందేలోపే ప్రాణం పోయింది.

అప్పటి వైద్యుల చేతిలో ఉన్నవి తక్కువ. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచే యాంజియోప్లాస్టీ ప్రపంచంలో తొలిసారి జరిగింది 1977లో. అంటే ఆయన పోయిన మూడేళ్లకు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఇంకా మార్కెట్లోకే రాలేదు.

ఇప్పుడు ఇవన్నీ మనకున్నాయి. అయినా బాటసింగారం పండ్ల మార్కెట్లో హమాలీ పని చేసే ఒకాయన మొన్న రెండో గుండెపోటుతో మా దగ్గరికి వచ్చాడు. స్టెంట్ వేసి ఆర్నెల్లయింది. నొప్పి లేదు కదా అని మాత్రలు మానేశాడు. బీడీలు మాత్రం మానలేదు. అదృష్టం కొద్దీ బతికాడు.

ఇది గుర్తుపెట్టుకోండి. నొప్పి తగ్గిందంటే జబ్బు పోయిందని కాదు. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు మొదటి ఏడాదిలోనే ఎక్కువ. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడొచ్చు. డబ్బులకు ఇబ్బందైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందులు ఉచితంగా ఇస్తారు. పనిలోకి ఎప్పుడు వెళ్లాలో, ఎంత బరువు ఎత్తొచ్చో అడిగి తెలుసుకోండి. బీడీ, సిగరెట్ పూర్తిగా మానండి. బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోండి.

ఛాతీలో బరువుగా అనిపించినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. రంగారావుగారికి అందని వైద్యం ఇవాళ మీకు అందుబాటులో ఉంది. సమయానికి చేరడమే మీ వంతు.