అగస్టసు చక్రవర్తి – వెండి నాణెములు

రోము సామ్రాజ్యమునకు తొలి చక్రవర్తియైన అగస్టసు క్రీ. పూ. 63వ సంవత్సరమున జన్మించెను. అతని తొలి పేరు ఆక్టేవియసు. మహావీరుడగు జూలియసు సీజరునకు అతడు మేనకోడలి కుమారుడు. బాల్యముననే తండ్రిని కోల్పోయెను.

పూర్వము రోమునందు జీవించియున్నవాని ముఖమును నాణెముపై ముద్రించు ఆచారము లేదు. ఆ గౌరవము దేవతలకును, గతించిన పెద్దలకును మాత్రమే దక్కుచుండెను. క్రీ. పూ. 44లో ఆ కట్టుబాటు తొలగి, సీజరు ముఖము వెండి నాణెములపై వెలసెను. ఆ యేడే మార్చి 15వ తేదీన శత్రువులు అతనిని హత్య చేసిరి. సీజరు మరణశాసనము ననుసరించి, పదునెనిమిదేండ్ల ఆక్టేవియసు అతనికి దత్తపుత్రుడయ్యెను.

అధికారమునకై జరిగిన పోరాటమున ఆ యువకుడు మిక్కిలి కఠినుడుగా మెలగెను. క్రీ. పూ. 43లో ఆంటోనీ, లెపిడసులతో చేరి, తమకు గిట్టని పౌరుల పేర్లు పట్టికగా వ్రాయించి చంపించెను. మహావక్తయగు సిసిరో అట్లే ప్రాణములు కోల్పోయెను. పిదప ఆంటోనీతో వైరము కలిగెను. క్రీ. పూ. 31లో ఆక్టియము నౌకాయుద్ధమున అతనిని జయించి, మరుసటి యేట ఈజిప్టును వశపరచుకొనెను. ఆ విజయమునకు గుర్తుగా వెండి నాణెములపై మొసలి బొమ్మను ముద్రింపించెను. క్రీ. పూ. 27లో సెనేటు అతనికి అగస్టసు అను బిరుదమును, పౌరుల ప్రాణములు కాచినవాని కొసగు ఓకు ఆకుల దండను సమర్పించెను. ఆ దండయు నాణెముల కెక్కెను. నాటి హత్యల పట్టిక మాత్రము ఏ నాణెముపైనను లేదు.

ఆ వెండి నాణెమునకు దెనారియసు అని పేరు. మన దీనార శబ్దము దానినుండియే పుట్టినది. సామాన్య సైనికునకు ఏటి జీతము 225 దెనారియసులు. వార్తాపత్రికలు లేని ఆ దినములలో చక్రవర్తి రూపమును, విజయములను దూరదేశములకు చాటినవి ఆ నాణెములే.

రోములో తనకు నిలిపిన సుమారు 80 వెండి విగ్రహములను అగస్టసు తొలగించి, ఆ ధనముతో అపోలో దేవాలయమునకు బంగారు కానుకలు చేయించెను. కాని నాణెములపై తన ముఖమును విడువలేదు. అతడు వృద్ధుడైనను ఆ ముఖము యౌవనముతోనే యుండెను.

తన కుమార్తె కొడుకులగు గాయసు, లూసియసులను దత్తత చేసికొని, డాళ్లు, ఈటెలతో నిలిచిన వారి బొమ్మలను నాణెములపై వేయించెను. కాని క్రీ. శ. 2లో లూసియసు, 4లో గాయసు మరణించిరి. సవతి కుమారుడు టైబీరియసే వారసుడయ్యెను. క్రీ. శ. 14లో అగస్టసు కన్నుమూసెను.

ఆ నాణెములు వర్తకుల వెంట సముద్రములు దాటి మన దేశమునకును చేరినవి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లెలో అగస్టసు, టైబీరియసుల వెండి నాణెములు నిధిగా దొరికినవి. రాజు తన్ను గూర్చి లోకము ఏమి తలపవలెనని కోరెనో నాణెము చెప్పును. అతడు చేసిన పనులన్నిటిని చెప్పునది చరిత్ర.