శ్రీ జి. డి. నాయుడుగారు

కోయంబత్తూరు ప్రాంతమున తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవని మన విద్యార్థులలో పెక్కుమంది యెఱుగరు. అట్టి వ్యవసాయ కుటుంబమున, కలంగల్ గ్రామమున, 1893 సం. మార్చి 23వ తేదీని గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. బడి వారికి సరిపడలేదు. చిన్న తరగతులలోనే చదువు మానిరి. ఉపాధ్యాయుడనగు నేను దీనిని మెచ్చుకొనజాలను. అయినను దాచిపెట్టుట న్యాయము గాదు.

ఒకనాడు ఆంగ్లేయోద్యోగి యొకడు రడ్జ్ మోటారు సైకిలుపై ఆ పల్లెకు వచ్చెను. ఎద్దులు గాని గుఱ్ఱము గాని లేక పరుగెత్తు ఆ బండిని జూచినది మొదలు నాయుడుగారికి వేఱొక ధ్యాస లేకపోయెను. కోయంబత్తూరు చేరి, హోటలులో వడ్డన పనికి కుదిరి, కూడబెట్టిన సొమ్ముతో అట్టి బండినే కొనిరి. కొని, ఊరేగుటకు మాఱుగా దానిని విప్పిరి. విప్పిన దానిని మరల కూర్చిరి. ఇట్లు వారు మెకానిక్కైరి.

ఆ కాలపు పెట్రోలు ఇంజనులో నేర్వదగిన దేమనగా, నిప్పురవ్వ యొక్క వేళ. మాగ్నెటో పుట్టించిన రవ్వ ప్లగ్గు కొనయందు దూకి పెట్రోలు ఆవిరిని మండించును. మండుటకు కొంచెము వ్యవధి పట్టును గనుక, పిస్టను పైకొసకు చేరుటకు కించిత్తు ముందే రవ్వ పడవలెను. ఆలస్యమైనచో బలము వ్యర్థమగును, ఇంజను కాగిపోవును, మిట్టలపై బండి మొరాయించును. మిక్కిలి ముందైనచో లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. అంతేగాదు, హ్యాండిలు వేసి త్రిప్పువాని చేతిని అది వెనుకకు తన్నును. ఇట్లు మణికట్టు విఱిగినవారు కలరు. అందుచే బయలుదేరునపుడు రవ్వను వెనుకకు జరుపుటకు ప్రత్యేకముగా ఒక మీట నుంచుచుండిరి.

బండి నిలిచినచో ముందుగా తెలియవలసినది, రవ్వ లేదా, లేక వేళ తప్పినదా యని. ప్లగ్గును ఊడదీసి, దాని తీగ విడువకయే, దేహమును ఇంజను ఇనుముపై నానించి ఇంజనును త్రిప్పిన తెలియును. రవ్వ చక్కగానున్నచో పాయింట్ల నడిమి సందు చూడవలెను. సందు తగ్గినకొలది పాయింట్లు ఆలస్యముగా విడివడును, రవ్వయు ఆలస్యమగును. నాలుగు సిలిండర్ల ఇంజనులో మండు వరుస తఱచుగా 1, 3, 4, 2. ఇది తెలియక తీగలను వరుసగా తగిలించువాడు చెడని ఇంజనును తానే చెఱచును. కొత్తగూడెము, భద్రాచలము అడవి బాటలలో పెట్రోలు లారీలు నడచిన దినములలో వానికిని ఇదే చికిత్స. నేటి డీజిలు లారీకి రవ్వతో పనిలేదు గాని, నూనె చిమ్ము వేళ తప్పినచో అదియు మొరాయించును.

1920 సం.న నాయుడుగారు ఒక బస్సుతో పొల్లాచి, పళనిల నడుమ వ్యాపార మారంభించి, స్వయముగా నడపిరి. నడిదారిలో ఇంజను ఆగిన, ప్రయాణికులకు ఎండ, యజమానునకు నష్టము. ఆ బస్సు కాలక్రమమున యూనివర్సల్ మోటార్ సర్వీసను గొప్ప సంస్థ యయ్యెను.

బడి మానిన ఆయనయే 1945 సం.న కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక కళాశాల స్థాపించి ప్రిన్సిపాలైరి. నాలుగేండ్ల చదువు దండుగ, రెండేండ్లు చాలునని వాదించిరి. ప్రభుత్వ మంగీకరింపలేదు, వారు పదవి విడిచిరి. రెండేండ్లు చాలునో లేదో నేను తీర్పు చెప్పజాలను గాని, మా తరగతులలో ఇంజను నొక్కసారియైన విప్పనిచ్చినచో బాగుండునని తోచును.

1974 సం. జనవరి 4వ తేదీని వారు కాలధర్మము నొందిరి. వారి పేరిటి ధర్మసంస్థ 2015 సం.న కోయంబత్తూరున పాత మోటారు కార్ల ప్రదర్శనశాలను తెఱచెను.