గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్

కోలారు నుండి బెంగళూరుకు వెళ్లే బస్సు హోసకోట, కృష్ణరాజపురం దాటి పాత మద్రాసు రోడ్డు మీదుగా నగరంలో ప్రవేశిస్తుంది. అక్కడ ఎడమచేతి వైపు ఒక రోడ్డు చీలి పాత విమానాశ్రయం వైపు సాగుతుంది. దాని పేరు సురంజన్ దాస్ రోడ్డు. భారతదేశంలో రూపొందించిన మొదటి జెట్ యుద్ధ విమానాన్ని తొలిసారి గాలిలోకి లేపిన వైమానికుని పేరు అది.

సురంజన్ దాస్ 1920లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. ఆయన తండ్రి సుధీరంజన్ దాస్ పేరుపొందిన న్యాయవేత్త. 1956 నుండి 1959 వరకు భారత సర్వోన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. అటువంటి ఇంట పుట్టిన కుమారుడు నల్లకోటు వేసుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. సురంజన్ మాత్రం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరారు. తరువాత ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విమాన పరీక్షకులకు శిక్షణ ఇచ్చే పాఠశాలలో చదివారు.

విమానాన్ని నడపడం వేరు, దాన్ని పరీక్షించడం వేరు. గని పనిలో కొత్తగా తొలిచిన చోటికి ముందుగా వెళ్లిన కార్మికుడు పైకప్పు రాతిని ఇనుప గడ్డపారతో తట్టి చూస్తాడు. అది మోగే తీరును బట్టి రాయి గట్టిగా ఉన్నదో, ఊడిపడేలా ఉన్నదో తెలుసుకుంటాడు. ఆ తరువాతనే మిగిలినవారు లోపలికి వస్తారు. కోలారు గనుల పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. విమాన పరీక్షకుని పని కూడా అటువంటిదే. కొత్త విమానం ఎంత నెమ్మదిగా పోతే కిందికి జారిపోతుంది? ఎంత వేగంతో పోతే రెక్కలు అదరడం మొదలుపెడతాయి? ఒక ఇంజను ఆగితే రెండవదానితో దిగగలదా? కాగితం మీది లెక్కలు ఇందులో కొంతవరకే చెప్పగలవు. మిగిలినది ఒక మనిషి గాలిలోకి వెళ్లి తెలుసుకుని రావాలి.

బెంగళూరులో విమానాల కర్మాగారం 1940లో ఏర్పడింది. వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త, మైసూరు సంస్థానం సహకారంతో దీనిని ప్రారంభించారు. అదే తరువాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అయింది. ఒకప్పుడు ఈ కర్మాగారంలో రైలు పెట్టెలు కూడా చేసేవారు. ఆ విభాగమే విడివడి, 1964లో స్థాపించిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థలో చేరింది. కె.జి.ఎఫ్. లో బెమల్ పేరుతో అందరికీ తెలిసిన కర్మాగారం ఆ సంస్థదే.

1956లో జర్మనీకి చెందిన ప్రసిద్ధ విమాన నిర్మాత కుర్ట్ టాంక్ బెంగళూరుకు వచ్చారు. ధ్వనికంటే రెట్టింపు వేగంతో పోగల యుద్ధ విమానాన్ని ఇక్కడే తయారుచేయాలని సంకల్పం. ముందుగా అదే ఆకారంలో, అదే పరిమాణంలో ఇంజను లేని చెక్క విమానాన్ని చేశారు. 1959 నుండి దానిని మరొక విమానానికి తాడుతో కట్టి పైకి తీసుకుపోయి వదిలేవారు. అలా అది 78 సార్లు ఎగిరింది.

1961 జూన్ 17న అసలు విమానం సిద్ధమైంది. అప్పటికి వింగ్ కమాండర్‌గా ఉన్న సురంజన్ దాస్ దానిని బెంగళూరు ఆకాశంలో నడిపి క్షేమంగా దించారు. జెట్ యుద్ధ విమానాన్ని సొంతంగా రూపొందించి ఎగరవేయడం అప్పటికి ఆసియాలో అరుదైన విషయం. ఈ విమానానికి మారుత్ అని పేరు పెట్టారు. అంటే గాలి. వారం తరువాత రక్షణమంత్రి కృష్ణమీనన్ ఎదుట కూడా దానిని ఎగరవేశారు. 1964 సెప్టెంబరు 4న శిక్షణ విమానం కిరణ్‌ను మొదటిసారి ఎగరవేసినదీ దాస్‌గారే. ఒకే మనిషి చేతిమీదుగా రెండు కొత్త జెట్ విమానాలు పురుడు పోసుకోవడం చిన్న విషయం కాదు.

అయితే మారుత్‌కు ఒక లోటు మిగిలిపోయింది. దానికోసం అనుకున్న శక్తిమంతమైన ఇంజను తయారీకి అయ్యే ఖర్చును భరించేవారు లేక ఆ పని మధ్యలోనే ఆగిపోయింది. చేతికి అందిన చిన్న ఇంజన్లు రెండింటిని అమర్చవలసి వచ్చింది. ఒక్కొక్కదాని తోపుడు శక్తి 4,850 పౌన్లు మాత్రమే. విమానం రూపం చక్కనిదే, బలం చాలలేదు. ధ్వని వేగానికి రెట్టింపు కాదుగదా, ఆ వేగాన్ని అందుకోవడమే దానికి కష్టమైంది.

ఈ లోటు తీర్చడానికి ఇంజనీర్లు ఒక ఉపాయం ఆలోచించారు. ఇంజను నుండి వెనుకకు వెళ్లే వేడి వాయువులలో మరికొంత ఇంధనాన్ని చిమ్మి మండిస్తే తోపుడు పెరుగుతుంది. కాని అందుకోసం విమానం వెనుకభాగాన్ని మార్చి లావు చేయవలసి వచ్చింది. దానివల్ల గాలి అడ్డుకోవడం కూడా పెరిగింది. ఇలా మార్చిన విమానం ఎలా ప్రవర్తిస్తుందో ఎవరో ఒకరు ఎక్కి చూడాలి. గ్రూప్ కెప్టెన్ హోదాకు చేరి, కుర్చీలో కూర్చుని ఇతరులను పంపగల స్థితిలో ఉన్నప్పటికీ దాస్‌గారు ఆ పనిని తామే చేపట్టారు.

1970 జనవరి 10న ఆయన ఆ విమానంలో బెంగళూరు నుండి పైకి లేచారు. కొద్దిసేపటికే విమానం కూలిపోయింది. ఆయన ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు నిండలేదు. అదే సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మభూషణ్ పురస్కారం ప్రకటించింది.

మారుత్‌కు ఆ అదనపు బలం చివరివరకు సమకూరలేదు. చిన్న ఇంజన్లతోనే మొత్తం 147 విమానాలు తయారయ్యాయి. 1971 యుద్ధంలో అవి రాజస్థాన్ ఎడారి సరిహద్దున నేలకు దగ్గరగా ఎగురుతూ శత్రువుల ట్యాంకులపై దాడిచేశాయి. 1990లో వైమానిక దళం వాటిని విరమించింది. వాటిలో ఒకటి బెంగళూరు కస్తూరిబా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియానికి పేరు తెచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి, 2007 వరకు కోలారు జిల్లాలోని ఊరే.