శ్రామికుల గాయకుడు మఖ్దూం మొహియుద్దీన్

హైదరాబాదు నగరమున తార్నాక కూడలి రెండు లోకముల నడుమ నున్నది. ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము. అచటి ఆర్ట్స్ కళాశాల రాతికట్టడము చూపరులను నిలువరించును. వేరొక ప్రక్క, కొద్ది దూరముననే, లాలాగూడ రైల్వే కర్మాగారము; అచట ఇనుముతోడను నిప్పుతోడను తరతరముల శ్రామికులు బ్రతుకు వెళ్లదీసిరి. ఆ చదువుల లోకమునుండి ఈ చెమటల లోకమునకు పాటనే వంతెనగా కట్టుకొని నడచివచ్చిన కవి మఖ్దూం మొహియుద్దీన్. ఆయన వ్రాసినది ఉర్దూలో. ఆ పాటకు ప్రాణము పోసినది తెలంగాణపు నేల.

ఆయన 1908 ఫిబ్రవరి 4వ తేదీన నాటి మెదకు జిల్లాలోని అందోలులో జన్మించెను. పసితనముననే తండ్రి గతించగా పినతండ్రి చేరదీసి పెంచెను. రష్యా దేశమున విప్లవము వచ్చినదనియు, అచట బీదవారును గొప్పవారును ఒక్క పంక్తిని కూర్చుండి భుజింతురనియు పినతండ్రి చెప్పిన ముచ్చట ఆ బాలుని మనస్సున నాటుకొనెను. మసీదు ఊడ్చి, నీరు తోడి పెరిగిన పిల్లవానికి ఆ మాట కథవలె గాక ఆశవలె తోచియుండును.

పై చదువులకై నగరము చేరిన దినములలో ఆయన పడిన పాట్లు పెక్కు. పిల్లలకు పాఠములు చెప్పెను, చిత్రపటములమ్మెను, తలదాచుకొన తావులేక మసీదులో నిద్రించెను. తుదకు ఉస్మానియాలో చేరెను. 1918లో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయము ఉన్నతవిద్యను ఇంగ్లీషున గాక ఉర్దూలో బోధించి దేశమునకు క్రొత్త దారి చూపినది. అచటనే 1933లో ఆయన పసుపుపచ్చని శాలువను గూర్చి వ్రాసిన హాస్యగీతము విద్యార్థుల నోట నోట మారుమ్రోగెను. బెర్నార్డ్ షా నాటకమొకటి ఆయన చేత ఉర్దూ వేషము ధరించెను. 1936లో ఎం.ఏ. పట్టము లభించెను. అప్పటికి ఆర్ట్స్ కళాశాల భవనమింకను నిర్మాణములోనే యుండెను. దానికి ప్రారంభోత్సవము జరిగినది 1939లో.

పిదప మూసీ యొడ్డున గల సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకుడయ్యెను. అనాథగా పెరిగి, పస్తులుండి చదివినవానికి నెలజీతపు కొలువు, సంఘమున మర్యాద సామాన్యములైన లాభములు కావు. అట్టి కొలువును ఆయన తనంతట తానే వదలుకొనెను. కమ్యూనిస్టు పక్షమున చేరి, రైల్వే కార్మికులను, చార్మినార్ సిగరెట్ కర్మాగారపు పనివారిని సంఘములుగా కూడగట్టెను. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యెను.

సభలలో ఆయన కవిత చదువుట కాదు, రాగమెత్తి పాడుట. అదే కాలమున అమెరికాలో వుడీ గత్రీ గిటారు భుజమున వేసికొని కరవుపాలైన రైతులకును, పనిలేని కూలీలకును పాడుచుండెను. మఖ్దూంకు వాద్యమక్కరలేదు, కంఠమే చాలెను. స్వాతంత్ర్య సంగ్రామమును గూర్చిన ఆయన నడకపాట ఎర్రజెండాల ఊరేగింపులలో వేలాది గొంతుల సొత్తయ్యెను.

తొలి సంపుటము సుర్ఖ్ సవేరా, అనగా ఎర్రని ఉదయము, 1944లో వెలువడెను. తదుపరి గుల్-ఎ-తర్ వచ్చినది 1961లో. నడుమ పదునేడేండ్లు! ఆ యేండ్లలో కవి ఏమయ్యెను? 1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిగార్లతో కలిసి నిజాము పాలనపై సాయుధపోరాటమునకు పిలుపునిచ్చెను. అజ్ఞాతవాసము చేసెను, కారాగారము చూచెను. 1952లో హుజూర్‌నగర్ ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. తదుపరి ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యుడుగా నుండెను.

రాజకీయము కవిని మ్రింగివేసెనని కొందరు నొచ్చుకొనిరి. ఆ మాటను పూర్తిగా త్రోసిపుచ్చరాదు. జీవితకాలమునకు సన్నని సంపుటములు రెండు మూడే మిగిలినవి. వ్రాయబడని కవితలెన్నో ఎవరును లెక్కింపజాలరు. కాని ఆ మౌనము వట్టి శూన్యము గాదని మలి సంపుటమే సాక్ష్యమిచ్చును. తొలినాటి గర్జన అందు తగ్గినది; వెన్నెల, మల్లెపందిరి, విరహము, చెదరిన కలల వేదన వచ్చి చేరినవి. పోరాటము ఆయనను కఠినుని చేయలేదు, మృదువుగా చేసినది. కాంగో నాయకుడు లుముంబా 1961లో హతుడైనపుడు ఆ కంఠమే మరల ఆగ్రహముతో పలికెను.

ఆయన గీతములను హిందీ చలనచిత్రములును స్వీకరించెను. 1960లో ఉస్‌నే కహా థా, 1964లో చా చా చా, ఆయన మరణానంతరము 1982లో బాజార్ వానిని దేశమంతట వినిపించినవి.

1969 ఆగస్టు 25వ తేదీన ఢిల్లీలో మఖ్దూం గుండె ఆగెను. ఆ యేడే ఆయన చదివిన విశ్వవిద్యాలయము ప్రత్యేక తెలంగాణోద్యమముతో అట్టుడికినట్లుడికినది. ఆ సంవత్సరపు సాహిత్య అకాడెమీ బహుమతి బిసాత్-ఎ-రక్స్ అను సంపుటమునకు వచ్చెను. నాంపల్లిలోని షా ఖామోష్ శ్మశానవాటికలో ఆయన నిద్రించుచున్నాడు. ఖామోష్ అనగా మౌని. పాటయే బ్రతుకైనవానికి మౌనిచెంత విశ్రాంతి లభించినది.

తార్నాకలో నేటికిని పుస్తకములు పట్టిన విద్యార్థియు, అన్నపు డబ్బా పట్టిన శ్రామికుడును ఒకే బాటపై ఎదురుపడుచుందురు. ఆ ఇరువురికిని ఒక్క పాట చాలునని నమ్మి, ఆ నమ్మకమునకు తన కొలువును, తన కలమునకు దక్కవలసిన యేండ్లను మూల్యముగా చెల్లించినవాడు మఖ్దూం.